ఉత్తరేణికి స్థానికత

రామ్మా, ఆ పీట ఇలా లాక్కుని నా పక్కన కూచో. దూరంగా కూచుంటే సగం మాటలు గాలికే పోతాయి, ఆ గాలి ఎవరింట్లో దూరి ఏం చెబుతుందో ఎవరికి తెలుసు. ఇది మడుగుపాలెం మున్సిపాలిటీలో మొక్కలకు కాగితాలు పుట్టిన ఏటి సంగతి. విని నవ్వకు. అప్పట్లో అక్కడ ఎవరూ నవ్వలేదు.

మడుగుపాలెంలో కుళాయిల వీధి చివర పేరంటాలమ్మ ఇల్లు. రెండు గదులు, ముందు అరుగు, వెనక పెరడు. పెరడనగానే నువ్వు గులాబీలూ చామంతులూ అనుకునేవు. అదేం లేదు. ఒకప్పుడక్కడ గేదెను కట్టేవారు. గేదె పోయింది, దాని పేడ బలం ఉండిపోయింది. ఆ బలానికి గోడవార జిల్లేడు లేచింది, మూలన రేగుకంప అల్లుకుంది, వాటి కాళ్ల దగ్గర తుమ్మి, నడిచే దారికి అడ్డంగా ఉత్తరేణి. ఒక్కటీ ఆవిడ నాటింది కాదు.

"ఆ పిచ్చిమొక్కలు పీకెయ్యవే, పాములొస్తాయి" అని మొగుడు గవర్రాజు పదేళ్లుగా అంటూనే ఉన్నాడు.

"నన్నడిగి వచ్చినయ్యేంటి, నేను పొమ్మంటానికి?" అని ఆవిడ పదేళ్లుగా అంటూనే ఉంది.

అసలు సంగతి వేరే ఉంది. ఏటా వానలు పడ్డాక బొటనవేలంత తేనెపిట్ట ఒకటి వచ్చి ఆ రేగుకొమ్మకు గూడు కట్టేది. గూడంటే గూడా అది, చిరిగిన జేబు గాలికి వేలాడినట్టుండేది. తుమ్మి పూలలో ముక్కు ముంచి తేనె తాగేది, జిల్లేడు మీద పురుగుల్ని ఏరుకుపోయేది. పేరంటాలమ్మ బియ్యం కడిగిన నీళ్లు మొక్కల మొదట్లో పోసి, ఆ పిట్టతో ఇంటి కబుర్లన్నీ చెప్పేది. మొగుడితో చెప్పనివి కూడా.

ఆ ఏడు ఊరికి కొత్త కమిషనరు వచ్చాడు, పరాంకుశం గారు. పెద్దపట్నంలో మూడు రోజుల సదస్సుకు వెళ్లాడట. అక్కడ ఎవరో మంచిమాటే చెప్పారు. ఊరి మొక్కలు ఇళ్లలో పెంచితే ఊరి పిట్టలూ పురుగులూ బతుకుతాయి, ఎక్కడినుంచో తెచ్చిన షోకు మొక్కల మీద ఈగ కూడా వాలదు అని. మాట మంచిదే. మంచిమాట నోట్లో ఉన్నంతసేపు తియ్యగానే ఉంటుందమ్మా, ఫైల్లో పెట్టాకే పులుస్తుంది.

వారం తిరక్కుండా ఆటోకు మైకు కట్టి వీధివీధీ తిప్పారు.

"పురప్రజలకు తెలియజేయునది ఏమనగా! ప్రతి గృహమునందు స్థానిక మొక్కలను మాత్రమే పెంచవలెను. తద్వారా పక్షులు, కీటకములు, తదితర జీవులు గృహములను సందర్శించునట్లు తగు చర్యలు గైకొనవలెను. స్థానికత లేని మొక్కలు పదిహేను దినములలో తొలగించబడును!"

పేరంటాలమ్మ పొంగిపోయింది. "విన్నారా? మన పెరడు లాంటిది అందరూ పెట్టుకోవాలంట. ఇన్నాళ్లకు ఒక తెలివైనోడు వచ్చాడు ఊరికి."

గవర్రాజు మాత్రం పొంగలేదు. అతను ముప్పై ఏళ్లు ఆ మున్సిపాలిటీలోనే కుళాయి నీళ్లు వదిలిన మనిషి. ఆఫీసు నుంచి మంచి కబురొచ్చిందంటే వెనకాల ఇంకో కబురుంటుందని అతనికి తెలుసు.

ఆ ఇంకో కబురు ఇదీ. ఏది ఊరి మొక్కో ఎవరు చెప్పాలి? మొక్కకు నోరు లేదు. ఊళ్లో ముసలివాళ్లకు నోరుంది కానీ కాగితం లేదు. కమిషనరు గారు రెండు రోజులు తల పట్టుకు కూచున్నారు. అప్పుడు దైవాధీనం అనే ఇన్‌స్పెక్టరు లేచాడు. అతను మొన్నటిదాకా వీధికుక్కలు పట్టేవాడు, మొక్కల పని కొత్తగా అప్పగించారు.

"కాలేజీ సీటుకు పిల్లలు స్థానికత సర్టిఫికెట్ తెస్తారు కదండి. మొక్కలు మాత్రం ఎందుకు తేకూడదండి?"

కమిషనరు గారు కుర్చీలోంచి లేచి అతని చెయ్యి పట్టుకున్నారట.

ఇంక చూడు, దరఖాస్తు అచ్చయింది. మొక్క పేరు, తల్లిదండ్రుల వివరాలు, పుట్టిన స్థలం, ఏడేళ్లు ఎడతెగకుండా ఊళ్లోనే నివసించినట్టు రుజువు. కింద, మొక్కను చిన్ననాటి నుంచీ ఎరిగిన గెజిటెడ్ అధికారి సంతకం. మొట్టమొదటి సర్టిఫికెట్ ఆఫీసు ముందున్న క్రోటను మొక్కలకే దక్కింది. అవి ఏ సముద్రాలు దాటి వచ్చాయో గానీ, తొమ్మిదేళ్లుగా తోట రిజిస్టరులో వాటి పేర్లున్నాయి. పైగా వాటిని తెచ్చి నాటించిన అధికారి పక్క గదిలోనే ఉన్నాడు. చిన్ననాటి నుంచీ ఎరుగుదును అని చటుక్కున సంతకం పెట్టాడు.

అలా క్రోటను మడుగుపాలెం బిడ్డ అయిపోయింది.

శ్రావణం మొదటి వారంలో దైవాధీనం పేరంటాలమ్మ పెరట్లోకి వచ్చాడు. చంకలో అట్ట, చెవి మీద పెన్ను, జేబులో రబ్బరు స్టాంపు. స్టాంపు లేకుండా అతను పెళ్లికి కూడా వెళ్లడట.

"ఈ మొక్కలు ఎవరివి?"

"పెరడు నాదండి బాబూ. మొక్కలు వాటియ్యే."

"నాటిన తేదీ?"

"నాటలేదండి. వచ్చినయ్."

"అనుమతి లేకుండా ప్రవేశించినవి" అని రాసుకున్నాడు. జిల్లేడు దగ్గర వంగాడు. "ఆకులకు ఈ చిల్లులేంటి?"

"గొంగళిపురుగు తింటదండి. తిని తిని, నిద్దరోయి, లేచి సీతాకోకచిలకయి ఎగిరిపోద్ది."

"ఆకు నష్టం" అని రాశాడు. "మాకు కావలసినది సీతాకోకచిలుకలమ్మా, పురుగులు కాదు."

"పురుగు లేకుండా చిలక ఎక్కణ్ణుంచి వత్తాది బాబూ? తమరు ఇన్‌స్పెక్టరు గానే పుట్టారేంటి?"

గుమ్మంలో గవర్రాజుకు దగ్గు తెర వచ్చింది. ఎంత దగ్గినా ఆవిడ ఆగలేదు.

దైవాధీనం రేగుకొమ్మ దగ్గరికి వెళ్లి గూటిలోకి కన్ను పెట్టాడు. లోపల రెండు గుడ్లు, చింతగింజలంత.

"దీనికి స్థానిక మొక్క మీద కట్టుకోవాలని తెలీదా? ఎదురింట్లో సర్టిఫికెట్ పొందిన క్రోటనుంది కదా."

"క్రోటను మీద దానికి తిండేది బాబూ? రంగులు చూసి కడుపు నింపుకుంటదా?"

"పదిహేను రోజుల్లో మొక్కలు తీసేస్తాం. ఈలోగా గూడు ఖాళీ చేయించండి. వినకపోతే మాకు చెప్పండి, నోటీసు ఇస్తాం."

అని గిరుక్కున తిరిగి, నిరుటి కంకులు ఎండి నిలిచిన ఉత్తరేణి మొక్కల మధ్య నుంచి నడిచి వెళ్లిపోయాడు. ఉత్తరేణి గింజల సంగతి నీకు తెలుసుగా. కొక్కేల్లా ముళ్లుంటాయి, గుడ్డ తగిలితే చాలు పట్టుకుని వదలవు. అతని పంట్లాం మోకాళ్ల దాకా గింజలే.

"దులుపుకోండి బాబూ" అంది పేరంటాలమ్మ.

"టైము లేదమ్మా" అన్నాడు. ఆఫీసు మెట్ల మీద కూచుని తీరిగ్గా ఒక్కొక్కటీ పీకి, క్రోటను మొక్కల మొదట్లో విసిరాడట. ఈ సంగతి గుర్తు పెట్టుకో, మళ్లీ వస్తుంది.

ఆ రాత్రి మొగుడూ పెళ్లాలూ అన్నానికి కూచున్నారు. "పోన్లేవే, నాలుగు కంపల కోసం ఆఫీసుతో గొడవేంటి? నా పింఛను ఆపేత్తే?" అన్నాడు గవర్రాజు.

"కంపల కోసం కాదు. గుడ్లు పగిలి పిల్లలొచ్చి, అవి ఎగరాలంటే నెల పడద్ది. నెల రోజులు ఆపితే చాలు. తర్వాత సంగతి తర్వాత."

"ఎలా ఆపుతావు?"

"ముప్పై ఏళ్లు మీరు ఆ ఆఫీసులో చేశారు. అక్కడ ఒక పని నెలలో అవ్వాలంటే ఏం చెయ్యాలో మీకు తెల్దు. నెలలో అవ్వకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో తెలుసా?"

గవర్రాజు ముఖం మొదటిసారి వెలిగింది. "అర్జీ పెట్టాలి" అన్నాడు.

పెట్టింది. నా మొక్కలు ఈ ఊరివే, విచారించండి అని. జవాబు రెండు రోజుల్లోనే వచ్చింది. విచారణకు మొక్కలను స్వయముగా హాజరు పరచవలెను.

పేరంటాలమ్మ ఒక తుమ్మి మొక్కనూ ఒక ఉత్తరేణినీ వేళ్లతో తవ్వి, పాత బకెట్లో మట్టి పోసి నిలబెట్టి, ఆటో ఎక్కింది. ఆటోవాడు ఎక్కడికమ్మా అంటే, వీళ్లకు వాయిదా ఉంది నాయనా అంది. ఆఫీసులో బంట్రోతు పేర్లు పిలిచాడు.

"తుమ్మి!"

"వచ్చిందండి."

"ఉత్తరేణి!"

"ఇదిగోనండి."

"జిల్లేడు! రేగు!"

"అవి పెద్దయ్యండి, కదల్లేవు."

"ఇద్దరు హాజరు, ఇద్దరు గైర్హాజరు" అని కమిషనరు గారు రాయించారు. తుమ్మిని బల్ల మీద పెట్టించుకుని కళ్లజోడు సర్దుకున్నారు. "దీని వయసు?"

"రెండు నెలలండి."

"నివాస నిబంధన ఏడేళ్లు. రెండు నెలల మొక్క ఏడేళ్లుగా ఉన్నట్లు ఎలా భావించవలెను?"

"ఇది బతికేదే ఒక వానాకాలమండి. దీని అమ్మ మా పెరట్లోదే. అమ్మమ్మా అక్కడిదే. దాని అమ్మా, ఆవిడ అమ్మా, మా అత్తగారు కాపరానికి వచ్చిన నాటికే ఉన్నారంటండి."

"వంశవృక్షం ఆసక్తికరంగా ఉన్నది. వారందరి మరణ ధ్రువపత్రాలు దాఖలు చేశారా?"

"ఎండిపోయి రాలిపోయారండి."

"అంటే దాఖలు చేయలేదు." ఆయన చాలాసేపు ఆలోచించారు. మంచివాడే పాపం, తొందరపడి తీర్పు చెప్పే మనిషి కాదు. "ఇద్దరు గైర్హాజరు అయినందువల్ల విచారణ వాయిదా వేయడమైనది. అంతవరకు యథాతథ స్థితి కొనసాగవలెను."

మర్నాడు దైవాధీనం వచ్చి పెరడు చుట్టూ తాడు కట్టి బోర్డు పాతాడు. "ఈ మొక్కల స్థానికత విచారణలో ఉన్నది. తీర్పు వెలువడు వరకు వీటిని పీకరాదు, తెంపరాదు, కత్తిరించరాదు, వీటిపై వాలరాదు."

తేనెపిట్ట చదువుకోలేదు కనక వాలింది. తక్కినవాళ్లందరూ చదువుకున్నవాళ్లే, ఒక్కడూ దగ్గరికి రాలేదు. మేకలు తోలేవాళ్లు కూడా మేకల్ని అటు పోనివ్వలేదు. చినుకు పడ్డకొద్దీ పెరడు నడుమెత్తు పెరిగింది.

ఊరు మాత్రం బోసిపోయింది. దడుల మీది తీగలు, గోడవార ఉమ్మెత్తలు, కాలువ గట్టు వావిలి, బడి వెనక గరిక, కాగితం లేనివన్నీ పీకి ట్రాక్టర్లకెత్తారు. వాటి చోట ఇంటికి నాలుగేసి క్రోటన్లు, మెడలో సర్టిఫికెట్లతో. వాటికి తోడు ప్రతి గుమ్మానికీ ఒక సందర్శకుల పుస్తకం వేలాడదీశారు. వచ్చిన జీవి పేరు, వచ్చిన సమయం, వచ్చిన పని. పై అధికారులు ఆ పుస్తకాలు చూస్తారట. పది రోజులు చూసినా ఎవరింటికీ ఏ జీవీ రాలేదు. ఒకాయన భయపడి తన బావమరిది పేరు రాశాడు. చివరికి మున్సిపాలిటీవాళ్లే ఇంటికి ఆరు ప్లాస్టిక్ సీతాకోకచిలుకలు పంచి, క్రోటన్లకు తీగతో బిగించి, పుస్తకాల్లో ఇలా రాయించారు: వచ్చినవి ఆరు. వచ్చిన పని, స్థిరనివాసం.

అంతటితో ఆగితే మనకు కథెక్కడిది? కాగితం లేని ఆకు బయటనుంచి ఊళ్లోకి రాకుండా ఊరి నాలుగు దారుల్లోనూ కాపలా పెట్టారు. కూరలమ్మకానికి వచ్చే ఆడవాళ్ల కొత్తిమీర కట్టలు కూడా విప్పి చూసేవారు.

ఈలోగా గుడ్లు పగిలి రెండు పిల్లలొచ్చాయి. నోళ్లు తప్ప ఇంకేం కనపడేవి కావు. పేరంటాలమ్మ రోజులు లెక్కపెట్టుకుంటోంది. అప్పుడు రెండో నోటీసొచ్చింది. విచారణ వినాయక చవితి మర్నాడు, మొక్కలు హాజరైనా కాకున్నా అదే రోజు తొలగింపు. గవర్రాజు దాన్ని మూడుసార్లు చదివి, మడిచి, ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇంక నా దగ్గర ఉపాయాల్లేవే."

"పిల్లలకు రెక్కలు రాలేదండీ ఇంకా" అంది ఆవిడ. అంతే అంది. ఆవిడ అంత తక్కువ మాట్లాడగా అతనెప్పుడూ చూడలేదు.

చవితి పొద్దు తెల్లారింది. ఊళ్లో ఆడవాళ్లందరూ పత్రి కోసం బుట్టలు పట్టుకుని బజారుకు పోయారు. ఇరవై ఒక్క రకాల ఆకు లేకుండా వినాయకుడి పూజ అవుతుందా? బజారు ఖాళీ. పల్లెల నుంచి పత్రి తెచ్చేవాళ్లను దారుల్లోనే ఆపి తిప్పి పంపేశారు. గడ్డిపరకకు కూడా కాగితం అడిగారు మరి.

కమిషనరు గారింట్లో వాళ్ల అమ్మ మాణిక్యాంబ గారు మడి కట్టుకుని పీట మీద కూచుంది. పూజ పుస్తకం తెరిచి, అర్క పత్రం అని చదివి చెయ్యి చాపింది. అంటే జిల్లేడాకు. కొడుకు ఆ చేతిలో క్రోటనాకు పెట్టాడు.

"ఇదేంట్రా?"

"స్థానికత పొందిన ఆకమ్మా."

"దేవుడికి రంగుకాగితాలు వేస్తావా? అపామార్గం, అంటే ఉత్తరేణి ఏది? బదరీ పత్రం, రేగాకేది?"

"ఊళ్లో ఎక్కడా లేవమ్మా. విజయవంతంగా తొలగించాం."

అని నాలిక కరుచుకున్నాడు. ఒక్కచోట ఉన్నాయని గుర్తొచ్చింది. గుర్తొచ్చినట్టు వాళ్లమ్మకు ముఖంలోనే కనపడింది. కన్నతల్లి కదా.

పావుగంటలో ప్రభుత్వం వారి కారు కుళాయిల వీధిలో ఆగింది. పట్టుపంచెలో కమిషనరు గారు, వెనక తల్లి, ఆవిడ వెనక పండగపూట కూడా జేబులో స్టాంపుతో దైవాధీనం. గవర్రాజు పంచె సర్దుకోవడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు.

"అమ్మా పేరంటాలూ, నాలుగాకులు ఇస్తావా?" అంది మాణిక్యాంబ గారు.

"అయ్యో అమ్మగారూ, నాలుగేంటండి, బుట్టెడు కోసుకోండి. కానండి" అని పేరంటాలమ్మ బోర్డు వైపు చూసింది. "తెంపరాదని రాసి ఉందండి. నాకు చదువు రాదు, మా ఆయనే చదివి చెప్పారు. తెంపితే ఆయన పింఛను పోద్దంట. బాబుగారు రాయించిన మాట, బాబుగారి అమ్మగారి కోసమైనా నేనెలా తప్పుతానండి?"

మాణిక్యాంబ గారు కొడుకు వైపు తిరిగింది. "ఆ బోర్డు తీయించు."

"అలా తీయడానికి లేదమ్మా. వీటికి స్థానికత ఉన్నట్లు తేలాలి. లేదంటే కాగితం లేని ఆకుతో కమిషనరే పూజ చేశాడంటారు."

"తేలాలంటే ఏం కావాలి?"

దైవాధీనం ముందుకొచ్చాడు. "మొక్కలను చిన్ననాటి నుంచి ఎరిగిన గెజిటెడ్ అధికారి సంతకమండి. ఈ రోజు సెలవండి. ఎవరూ దొరకరండి."

"ఎవరూ దొరకరా!" ఆవిడ పరాంకుశం చెవి పట్టుకుంది. అవునమ్మా, కమిషనరు గారి చెవే. "ఏరా, నీ పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చినప్పుడు ఏ పుల్లతో తోమాను?"

"...ఉత్తరేణి."

"రథసప్తమికి నీ నెత్తిన ఏ ఆకులు పెట్టి నీళ్లు పోశాను?"

"జిల్లేడు."

"రేగుపళ్లు తిని కడుపునొప్పని బడి ఎగ్గొట్టింది ఎవరు?"

"అమ్మా, దైవాధీనం వింటున్నాడు."

"వినమనే చెబుతున్నా. కార్తీకమాసంలో శివుడికి తుమ్మి పూలు కొయ్యడానికి పొద్దున్నే నా వెంట వచ్చిందెవరు? చిన్ననాటి నుంచీ ఎరుగుదువా, ఎరగవా?"

కమిషనరు గారు గూటి వైపు చూశారు. రేగుకొమ్మ మీద పిల్లలు రెండూ నోళ్లు తెరిచి అరుస్తున్నాయి. తల్లిపిట్ట తాడు మీద వాలి, ముక్కులో పురుగుతో, ఈయన ఎప్పుడు జరుగుతాడా అని చూస్తోంది.

"ఎరుగుదును" అన్నారు, చిన్న గొంతుతో.

దైవాధీనం వంగి నిలబడ్డాడు. అతని వీపు మీద కాగితం పెట్టి కమిషనరు గారు రాశారు. "తుమ్మి, ఉత్తరేణి, జిల్లేడు, రేగు అను నలుగురిని బాల్యము నుండి స్వయముగా ఎరుగుదును. వీరు స్థానికులే." సంతకం. టప్పున స్టాంపు. బోర్డు పీకేశారు. పేరంటాలమ్మ చేతులారా ఆకులు కోసి బుట్ట నింపింది, రేగుకొమ్మలో మాత్రం గూటికి అవతలి వైపు ఆకులే కోసింది. ఆ పూట ఊళ్లో ఆడవాళ్లందరూ ఆ పెరటి గుమ్మంలోనే వరసకట్టారు.

పిల్లలు ఇంకో ఎనిమిది రోజులకు ఎగిరాయి. మొదటిది గవర్రాజు భుజం మీద వాలి, రెట్ట వేసి మరీ పోయింది. అతను ఆ చొక్కా రెండు రోజులు విప్పలేదు.

అయిపోయిందనుకునేవు. కాగితం పుట్టాక అయిపోవడం ఉంటుందా? మార్గశిరం వచ్చింది. వానాకాలం మొక్కలు కదా, తుమ్మీ ఉత్తరేణీ ఎండి నిలబడ్డాయి. దైవాధీనం అట్ట పట్టుకుని మళ్లీ వచ్చాడు. పెరడంతా కలయదిరిగాడు.

"సర్టిఫికెట్ పొందిన మొక్కలు రెండు మరణించినట్లు గమనించాం. స్థానికత రద్దవుతుంది. వారసులుంటే వాళ్లను చూపించి మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. వారసులెక్కడ?"

పేరంటాలమ్మ చాట పక్కన పెట్టి, అతన్ని కింద నుంచి పైకి ఒకసారి చూసింది. మోకాళ్ల దాకా ఉత్తరేణి గింజలు, గుత్తులు గుత్తులుగా.

"ఇదిగో బాబూ, అందరూ తమరి పంట్లాం పట్టుకునే ఉన్నారు. ఆఫీసుకు తమరే తీసుకెళ్లండి. మొన్న తీసుకెళ్లినోళ్లు అక్కడ క్షేమమేనా?"

క్షేమమే. దైవాధీనం వెళ్లి చూసేసరికి ఆఫీసు ముందు క్రోటన్లు కనపడటంలేదు. శ్రావణంలో అతను మెట్ల మీంచి విసిరిన గింజలన్నీ మొలిచి, పెరిగి, ఎండి, మళ్లీ గింజలు రాలుస్తున్నాయి. వాటి మధ్య పిచ్చుకలు గింజలేరుకుంటున్నాయి. వాటన్నిటికీ పుట్టిన స్థలం మున్సిపల్ కార్యాలయం. అంతకన్నా స్థానికత ఇంకేం కావాలి? అతను ఎవరూ చూడకుండా ఆఫీసు గుమ్మానికి వేలాడే సందర్శకుల పుస్తకం తెరిచి రాశాడట: "పిచ్చుకలు, పదకొండు. వచ్చిన పని, భోజనం." ఆ పుస్తకంలో అబద్ధం కాని మొదటి మాట అదే.

ఇదమ్మా సంగతి. చీర కుచ్చెళ్లు చూసుకో, నీకూ రెండు గింజలు అంటుకున్నాయి. దులిపెయ్యకు. ఇంటికి తీసుకెళ్లి పెరట్లో రాల్చు, నీ పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని ఈ కథ చెప్పు. ఒక్క మాట మరిచినా ఫరవాలేదు, పేరంటాలమ్మ పేరు మాత్రం మరవకు. గింజకూ కథకూ కాళ్లు లేవు. మోసుకుపోయేవాళ్లుంటేనే ఇంకో ఊళ్లో మొలుస్తాయి.